నడుమ నలభై కిలోమీటర్లు

మా అల్లుడు పంపిన టిక్కెట్లు చూసి మావారు కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశారు. మొదటి టిక్కెట్టు హైదరాబాదు నుంచి ముంబయికి. రెండోది ముంబయి నుంచి లండనుకు. అంతవరకు బాగానే ఉంది. కాని దిగేది ఒక ముంబయిలో, ఎక్కేది ఇంకో ముంబయిలో!

"ముంబయి నుంచి ముంబయికి టిక్కెట్టేదోయ్?" అని ఫోనులో అడిగారు.

అల్లుడు నవ్వాడు. "దానికి టిక్కెట్టుండదు మామయ్యా. ఆ నలభై కిలోమీటర్లు అత్తయ్య టాక్సీలో వెళ్లాలి. నేనిక్కణ్ణుంచే బుక్ చేస్తాను" అన్నాడు. అలా విడివిడిగా కొంటే బోలెడు డబ్బు తగ్గిందట. తగ్గిన డబ్బు ఎవరి ఖాతాలో వేశాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

మావారికి మోకాళ్ల నొప్పులు. అంత దూరం కూర్చోలేనన్నారు. కాబట్టి ప్రయాణం నా ఒక్కదానిదే.

మాది సిరిసిల్ల. మా ఊరికి విమానం మాట దేవుడెరుగు, ఇంకా రైలే రాలేదు. 2023లో సిద్దిపేట దాకా వచ్చి ఆగింది. ఎటు పోవాలన్నా బస్సే మాకు. అయినా చిత్రం చూడండి, ఈ రైలు లేని ఊళ్లో విమానం ఎక్కని ఇల్లు వెతికితేగాని దొరకదు. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల - ఈ చుట్టుపక్కల ఏ వాడకు పోయినా ఇంటికొకరు "దుబాయి" పోయినవాళ్లే. మస్కట్ పోయినా, కువైట్ పోయినా, సౌదీ పోయినా మా దగ్గర అది దుబాయే. ఇక బొంబాయి అంటే మాకు పరాయి ఊరనిపించదు. నేతపని చేసేవాళ్లు ఎన్ని తరాల నుంచో భీవండికి, బొంబాయికి వలస పోతూనే ఉన్నారు. తర్వాత గల్ఫు పోయేవాళ్లకు కూడా బొంబాయే గడప అయింది. ఆ గడప దాటితే సముద్రం, సముద్రం దాటితే జీతం.

నేను ఆ గడప మొదటిసారి దాటింది 1986లో. అప్పటికి అది ఇంకా బొంబాయే. ముంబయి అయింది 1995లో. మావారు మస్కట్‌లో ఒక కంపెనీలో లెక్కలు రాసేవారు. నన్నూ, ఎనిమిది నెలల పిల్లనూ రమ్మన్నారు. బేగంపేటలో విమానం ఎక్కి శాంతాక్రజ్‌లో దిగాలి. అక్కడి నుంచి సహార్ వెళ్లి మస్కట్ విమానం ఎక్కాలి. నిజానికి ఆ రెండూ ఒకే విమానాశ్రయం. విమానాలు దిగే దారులు రెంటికీ అవే. కాని 1981లో విదేశీ విమానాలకు సహార్‌లో వేరే భవనం కట్టారు. దేశంలో తిరిగే విమానాలు పాత శాంతాక్రజ్‌లోనే ఉండిపోయాయి. లోపల గోడవతల గోడలా ఉన్నా, బయటి మనిషి ఒకదాన్నించి ఇంకోదానికి పోవాలంటే రోడ్డెక్కి చుట్టూ తిరిగి రావలసిందే. నాలుగైదు కిలోమీటర్లే. ఇప్పుడు వినడానికి నవ్వులాటగా ఉంటుంది. ఇరవై మూడేళ్ల పిల్లకు, చంకలో బిడ్డతో, రాత్రి తొమ్మిదింటికి, ఎడతెగని వానలో, ఆ నాలుగు కిలోమీటర్లు సిరిసిల్ల నుంచి బొంబాయి అంత దూరం.

విమానం ఆలస్యమయింది. బయట టాక్సీల వరస దగ్గర జనం తోసుకుంటున్నారు. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. నా పెట్టె తాడు తెగిపోయింది. నాకూ ఏడుపొస్తోంది. అప్పుడు ఒక పార్శీ ఆవిడ నా దగ్గరకొచ్చింది. మోకాళ్ల దాకా గౌను, తెల్లజుట్టు, చేతిలో గొడుగు. "కహా జానా హై?" అని అడిగింది. "సహార్" అన్నాను. ఆవిడ ఇల్లు సహార్ వైపు కాదు, తర్వాత మాటల్లో తెలిసింది. ఎక్కడి నుంచో వచ్చిన ముసలి భర్తను తీసుకుపోవడానికి వచ్చిందావిడ. వెనక సీట్లో అప్పటికే సర్దుకుని కూర్చున్న ఆయన్ని లేపి ముందు సీట్లో కూర్చోబెట్టి, నన్నూ పిల్లనూ వెనక ఎక్కించింది. సహార్‌లో దింపి, నేను అద్దాల తలుపు దాటి లోపలికి పోయేదాకా గొడుగు పట్టుకుని అక్కడే నిలబడింది. ఆవిడ పేరు అడగలేదు. అడగాలని తోచలేదు. విమానం ఎక్కి కూర్చున్నాక తోచింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, నలభై ఏళ్లకు మళ్లీ అదే ఊళ్లో అదే తిరుగుడు నాకు తగిలింది కాబట్టి. ఈసారి నిజంగానే రెండు విమానాశ్రయాలు. పాతదానికి తోడు నవీ ముంబయిలో కొత్తది కట్టారు. 2025 అక్టోబరులో ప్రారంభోత్సవం జరిగింది, డిసెంబరు 25 నుంచి విమానాలు తిరుగుతున్నాయి. అది పన్వేలు వైపు, పాతది సహార్ వైపు. నడుమ సముద్రపు పాయ, వంతెన, వాహనాలు, ముంబయి సాయంకాలం.

మనకీ కొత్తగాని లోకానికి ఇది పాత తలనొప్పే. లండనులో హీత్రో, గాట్విక్ అని రెండు పెద్ద విమానాశ్రయాలున్నాయి. రోడ్డు మీద గంటపైన ప్రయాణం. ఈ బాధ పడలేక ఒకప్పుడు వాళ్లు ఆ రెంటి మధ్య హెలికాప్టరే నడిపారు, 1978 నుంచి 1986 దాకా. పావుగంటలో దింపేదట. చుట్టూ పెద్ద రహదారి పూర్తయ్యేసరికి దాన్ని మానేశారు. న్యూయార్కు వెళ్లేవాళ్లకు మూడు. అందులో ఒకటి అసలు న్యూయార్కు రాష్ట్రంలోనే లేదు, పక్క న్యూజెర్సీలో ఉంది. ఇస్తాంబుల్‌లో అయితే మరీ విడ్డూరం, ఒకటి ఐరోపా ఒడ్డున, ఇంకొకటి ఆసియా ఒడ్డున. విమానం మారాలంటే ఖండం మారాలి! ఆసియా ఒడ్డున ఉన్న దానికి సబిహా గోక్‌చెన్ అనే ఆవిడ పేరు పెట్టారు. యుద్ధ విమానం నడిపిన తొలి మహిళగా పేరు పొందిన తుర్కీ ఆవిడ. మన దగ్గర ఎన్ని విమానాశ్రయాలకు ఆడవాళ్ల పేర్లున్నాయో మీరే లెక్క పెట్టుకోండి. 

హైదరాబాదు మాత్రం ఈ తంటా పెట్టుకోలేదు. 2008 మార్చి 22 రాత్రితో బేగంపేటలో మామూలు ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి, 23 నుంచి శంషాబాదు మొదలయింది. ఒకటి మూసి ఒకటి తెరిచారు. నూట యాభై కిలోమీటర్ల లోపల ఇంకొకటి రాకూడదని ఒప్పందం కూడా రాసుకున్నారు. దాని మంచిచెడ్డలు వేరు. నాలాంటి పెద్దదానికి మటుకు అది సుఖమే.

ఈ రెండు టిక్కెట్ల వ్యవహారంలో ఒక కిటుకుంది, బయల్దేరేముందు అల్లుడు విడమరిచి చెప్పాడు. రెండు విమానాలూ ఒకే టిక్కెట్టు మీద ఉంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినా మనల్ని ఇంకో విమానంలో పంపే పూచీ మామూలుగా వాళ్లది. ఒక విమానానికీ ఇంకోదానికీ మధ్య కనీసం ఇంత వ్యవధి ఉండాలని లెక్క ఉంటుంది, అంతకు తక్కువ ఉంటే ఆ టిక్కెట్టే అమ్మరు. అదే విడివిడి టిక్కెట్లయితే ఎవరి లెక్క వాళ్లది. మొదటివాడు "నేను దింపేశాను" అంటాడు. రెండోవాడు "నువ్వు రాలేదు" అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతారు. సామాను మనమే దించుకోవాలి, మనమే మోసుకోవాలి, మనమే మళ్లీ అప్పజెప్పాలి. విదేశంలో అయితే ఇంకో చిక్కు. ఒక విమానాశ్రయం వదిలి ఇంకోదానికి పోవడమంటే ఆ దేశంలో అడుగు పెట్టడమే గనక, చాలాచోట్ల దానికి వేరే అనుమతి కావాలి. ఊరు చూడము మొర్రో, ఊరికే దాటిపోతాము అన్నా వినరు.

అల్లుడు చెబుతుంటే నాకు మా నాన్న గుర్తొచ్చాడు. ముందు చేతి మగ్గం, తర్వాత సాంచాలు. బయటి ఊళ్లవాళ్లు మరమగ్గాలంటారే, వాటిని మేము సాంచాలంటాం. మీటరుకింత అని కూలి. పోగు తెగితే సాంచె ఆపి, కొసలు వెతికి ముడి వెయ్యాలి. ఆ ముడివేసే వేళకు కూలి లేదు. నూలిచ్చినవాడు నూలు లెక్క చూస్తాడు, బట్ట కొన్నవాడు మీటర్లు లెక్క చూస్తాడు. తెగిన చోటు ఎవరి లెక్కలోనూ లేదు. 

సరే, అసలు విషయానికొస్తాను. 

సాయంత్రం ఆరు కావస్తుండగా నవీ ముంబయిలో దిగాను. నాకు రెండు పెద్ద పెట్టెలు. సకినాలు, చింతకాయ తొక్కు, పిల్లలకు బట్టలు. సహార్‌లో నా విమానం రాత్రి ఒంటిగంట దాటాక. కావలసినంత వ్యవధి ఉంది. బయట నిలబడి అమ్మాయితో ఫోను మాట్లాడుతున్నాను. అమ్మాయి పాత పాఠమే మళ్లీ చదువుతోంది. "ఎవరితోనూ మాటలు పెట్టుకోకమ్మా. ఎవరి సామానూ పట్టుకోకు. ఎవరేమిచ్చినా తీసుకోకు." సరే సరేనని పెట్టేశాను.

"అమ్మా, తెలుగోళ్లేనా?"

తిరిగి చూశాను. ఇరవై, ఇరవై రెండేళ్ల కుర్రవాడు. కొత్త చొక్కా, మడతలు కూడా విప్పుకోలేదు. వీపున సంచీ, చేతిలో తాళ్లు కట్టిన సంచీ ఇంకొకటి. 

"మీరు ఫోనుల మాట్లాడంగ ఇన్న. ఇది టీ టూనేనా అమ్మా?"

"కాదు బాబూ. ఇది నవీ ముంబయి. టీ టూ అంటే పాత ముంబయిలో, సహార్‌లో."

"ముంబయంటే ముంబయే గద?"

ఫోనులో టిక్కెట్టు చూపించాడు. ముందురోజు రాత్రి ఏజెంటు పంపాడట. రెండు టిక్కెట్లు. రెండోది బహ్రెయిన్‌కు, రాత్రి పదిన్నరకు, టీ టూ నుంచి. ఇక్కడ దిగి అక్కడికి పోవాలని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఆ ఏజెంటుకు తెలుసో లేదో. డబ్బు పుచ్చుకోవడం మటుకు తెలిసే ఉంటుంది.

"ఏ ఊరు బాబూ మీది?"

"కోరుట్ల దిక్కమ్మా."

"మాది సిరిసిల్ల."

"సిరిసిల్లనా!" అన్నాడు, అన్నాక ముఖంలో కొంచెం నవ్వొచ్చింది. "మా మేనత్తోళ్లు ఆడనే ఉంటరు. బతుకమ్మకు అచ్చేటోన్ని."

నేను చెప్పవలసినవన్నీ చెప్పాను. నలభై కిలోమీటర్లుంటుందని, ఈ వేళప్పుడు రెండు గంటలు పట్టొచ్చని, తొమ్మిదిన్నరకు కౌంటరు మూసేస్తారని, వెంటనే బయల్దేరమని. పన్నెండు పదమూడు వందలవుతుందని విని అతను టాక్సీ మాట వదిలేశాడు. "బస్సుంటదట అమ్మా, అడిగి పోత" అన్నాడు. కంగారేమీ చూపించలేదు. లోపల ఎంత ఉందో నాకెలా తెలుస్తుంది? నేను ఐదు వందల నోటు తీసి ఇవ్వబోయాను. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "పైసలున్నయమ్మా" అన్నాడు.

ఈలోగా నా టాక్సీ వచ్చింది. డ్రైవరు డిక్కీ తెరిచి, నా పెట్టెలు చూసి, నడుము పట్టుకున్నాడు. కుర్రవాడు తన సంచీ కింద పెట్టి, "మీరుండుండ్రి అమ్మా, నేనెక్కిస్త" అని రెండు పెట్టెలూ ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి డిక్కీలో సర్దాడు. తలుపు తీసి పట్టుకున్నాడు. నేను ఎక్కి కూర్చున్నాను. "జాగ్రత్త బాబూ" అన్నాను. "మంచిగ పోయి రాండ్రి అమ్మా" అన్నాడు.

టాక్సీ కదిలింది. 

వాశి వంతెన మీదికొచ్చేదాకా నాకేమీ తోచలేదు. నీళ్ల మీద దీపాలు చూస్తూ కూర్చున్నాను. వాహనాలు ఆగిపోయాయి. డ్రైవరు పక్కసీటు మీది నీళ్ల సీసా తీసుకుని తాగి, మళ్లీ అక్కడే పెట్టాడు. అప్పుడు చూశాను ఆ సీటు. ఆ సీసా తప్ప దాని మీద ఏమీ లేదు. నేను పోతున్నదీ, అతను పోవలసిందీ ఒక చోటికే. ఒకే భవనం, ఒకే తలుపు. 

వెనక్కి తిప్పగలవా అని డ్రైవర్ని అడిగాను. వంతెన మీద ఎలా తిప్పుతానమ్మా, దాటి మళ్లీ ఇటు రావాలంటే గంట, అన్నాడు. నేను మళ్లీ అడగలేదు. కుర్రవాడి పేరు తెలియదు, నెంబరు తెలియదు. నలభై ఏళ్ల కింద ఆవిడ పేరూ ఇలాగే అడగలేదు. తీసుకునేటప్పుడూ అడగలేదు, ఇవ్వాల్సినప్పుడూ అడగలేదు.

సహార్‌లో దిగాక లోపలికి పోలేదు. పెట్టెలు బండి మీద పెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. వచ్చే బస్సులు, ఆటోలు, టాక్సీలు చూస్తూ. కొత్త చొక్కాలు చాలామంది కుర్రాళ్లకు ఉన్నాయి. వీపున సంచీలు అందరికీ ఉన్నాయి. పైగా అక్కడ గేట్లు ఒకటా రెండా! తొమ్మిదిన్నర దాటింది. పది దాటింది. అతను వచ్చి ఉండొచ్చు. నేను ఇటు చూస్తుండగా అటు నుంచి పోయి ఉండొచ్చు. నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు.

లండను వెళ్లాక అమ్మాయికి చెప్పాను. "నువ్వు చేసింది నూటికి నూరుపాళ్లు కరెక్టమ్మా" అంది. "అతని సంచీలో ఏముందో నీకేం తెలుసు? ఊరగాయ డబ్బాలో ఏదో పెట్టి పంపితే తెలియక మోసి జైలుకు పోయినవాళ్లు లేరూ?" ఉన్నారు. మా వైపే ఉన్నారు. ఆ జాగ్రత్త తప్పని నేననను. మీ పిల్లలకు మీరూ అదే చెబుతారు, నేనూ చెబుతాను. కాని అమ్మాయి చెప్పిన సూత్రం సామాను గురించి. నేను దాన్ని మనిషికి కూడా వర్తింపజేశాను. పైగా, నిజం చెప్పాలంటే, ఆ నిమిషాన నాకు ఆ సూత్రం గుర్తుకు రానేలేదు. భయపడి వదిలేసి ఉంటే కొంత నయంగా ఉండేది. అసలు తోచలేదు. ఆ సంగతి అమ్మాయికి చెప్పలేదు. నన్నంత గట్టిగా వెనకేసుకొస్తున్న ఆ అమ్మాయే ఆ రాత్రి పార్శీ ఆవిడ ఒళ్లో నిద్రపోయిన ఎనిమిది నెలల పిల్ల.

ఎందుకు తోచలేదా అని చాలా ఆలోచించాను. నలభై ఏళ్ల కింద నా చేతిలో పసిపిల్ల ఉంది. ఏడుస్తున్నాను. చూసినవాళ్లకు జాలి పుట్టేటట్టున్నాను. ఈ కుర్రవాడు ఏడవలేదు. మగపిల్లవాడు, వయసులో ఉన్నాడు, రెండు బరువైన పెట్టెలు సునాయాసంగా ఎత్తాడు. అలాంటివాడికి సాయం కావాలని మన కళ్లు చెప్పవు. అలాంటివాడు మనకు సాయం చెయ్యాలి, అంతే. ఆడవాళ్ల కష్టం మగవాళ్లకు కనబడదని మనం ఎన్నిసార్లు వాదించుకున్నాం? ఇరవై ఏళ్ల కూలి కుర్రవాడి కష్టం అరవై దాటిన ఆడదానికి కనబడలేదు మరి. దీనికేమంటారు?

ఇంకొకటి కూడా. అతను నన్ను అమ్మా అన్నాడు. నేను బాబూ అన్నాను. మన భాషలో ముక్కూ మొహం తెలియనివాళ్లను కూడా అమ్మా, అయ్యా, అన్నా, అక్కా అని తప్ప పిలవలేం. కూరగాయలవాడు అక్కా అంటాడు, బస్సు కండక్టరు అమ్మా అంటాడు. ఇంగ్లీషువాళ్లకు ఈ ఆప్యాయత లేదని మనం గర్వపడతాం కూడా. ఆ పార్శీ ఆవిడ నన్ను బిడ్డా అనలేదు, బేటీ అనలేదు. "కహా జానా హై" అంది, ఎక్కించుకుంది. నేను ఐదు నిమిషాల్లో పదిసార్లు బాబూ అన్నాను. ఊరు అడిగాను. చుట్టరికం కలిపినంత పని చేశాను. ఆ చుట్టరికం టాక్సీ తలుపు దాకా వచ్చి ఆగింది. పిలుపులో పని అయిపోయిందని మనసు అనుకుంటుందేమో. దారి చెప్పాను, జాగ్రత్త అన్నాను, డబ్బు కూడా ఇవ్వబోయాను. ఇన్ని చేశాక ఇంకేదో చేయలేదని ఎలా తడుతుంది?

మరి అందరినీ టాక్సీలో ఎక్కించుకుంటూ పోగలమా, అని మీరడగవచ్చు. మావారు అదే అడిగారు. పోలేం. రోజూ ఎన్ని వందల మంది అలా దిగుతారో, ఎవరు ఎటు పోతారో మనకేం తెలుసు? ఆ కుర్రవాడి ఏజెంటుది తప్పు, టిక్కెట్టు అమ్మిన తీరుది తప్పు, ఇంటి దగ్గర అప్పు చేసి ఎడారికి పంపక తప్పని బతుకుది తప్పు. అవన్నీ నేను సరిదిద్దలేను. నాకు పూచీ లేదు. కాని నా ఎదుట ఉన్నది అవన్నీ కాదు గదా. ఒక మనిషి, ఒక ఖాళీ సీటు, ఒకే దారి. నాకు ఖర్చు లేదు, ఆలస్యం లేదు. అంత చిన్న లెక్క తప్పినందుకే బాధ. పెద్ద లెక్కలు తప్పితే లోకం మీద వేసి ఊరుకుంటాం.

తిరుగు ప్రయాణం నేరుగా శంషాబాదుకే చేయించుకున్నాను. డబ్బెక్కువైనా సరేనన్నాను. అల్లుడు కారణం అడగలేదు.

ఊరికొచ్చిన నాలుగోరోజు మా పక్కింటి ఆవిడ దగ్గర కూర్చున్నాను. బీడీలు చేస్తుంది. మా దగ్గర ఆడవాళ్లు చాలామందికి అదే బతుకుతెరువు. ఆమె పెద్దకొడుకు బహ్రెయిన్‌లోనే ఉన్నాడు, ఆరేళ్లయింది. లండను కబుర్లు చెబుతూ చెబుతూ ఈ సంగతీ చెప్పాను. పెట్టెలు ఎక్కించిన ముక్క మాత్రం చెప్పలేదు. మావారికీ చెప్పలేదు, అమ్మాయికీ చెప్పలేదు. మీకే చెప్పాను.

ఆమె చాటలోంచి తల ఎత్తలేదు. ఆకు కత్తిరిస్తూ, "తెలివికల్ల పోరడైతే పోయుంటడు తియ్యక్కా. బస్సులుంటయి గద" అంది.

"ఉంటాయట" అన్నాను.

నాలుగు బీడీలు చుట్టింది. దారం చుట్టి తెంపింది. 

"కార్ల మీరొక్కలేనా అక్కా?"

"ఒక్కదాన్నే."

"ముంగట సీటు ఖాళీగుండెనా?"

"లేదు. డ్రైవరు సామానుండె" అన్నాను.

"గట్లనా" అని ఆమె ఇంకో ఆకు అందుకుంది.